మాస్టారు చూడని పోత

మాస్టారు పోయారన్న కబురు నాకు జేకేపూర్ నుంచి రాయగడ వస్తున్న బస్సులో తెలిసింది. వెనక సీట్లో ఇద్దరు పెద్దవాళ్ళు ఒడియాలో మాట్లాడుకుంటున్నారు. "మఫ్లర్ సారు మొన్న పోయారట, నిద్రలోనే" అన్నాడొకాయన. "పుణ్యాత్ముడు" అన్నాడు రెండో ఆయన. ఆ తరవాత ఎవరిదో పెళ్ళి కబుర్లలో పడిపోయారు. రాయగడలో మఫ్లర్ సారంటే ఇంకెవరూ లేరు. నా స్టాపు వచ్చినా దిగలేదు. బస్టాండులో అందరూ దిగిపోయాక కండక్టరు వచ్చి "ఏటమ్మా, ఒంట్లో బాగోలేదా?" అని అడిగితే అప్పుడు లేచాను.

ఆ మఫ్లర్ ఆయన మెడలో ఎండాకాలంలో కూడా ఉండేది. ఎర్ర గళ్ళది, అంచులు నిప్పురవ్వలు పడి చిల్లులు పడ్డది. కొరాపుట్ దాటాక కొండ మీద మా పంపుల ఫ్యాక్టరీ. అక్కడ ఫౌండ్రీలో, కరిగిన ఇనుము పక్కనే నిలబడి, మిగతావాళ్ళంతా చొక్కాలు తడిసి ముద్దవుతుంటే, ఈయన మఫ్లర్ ఇంకో చుట్టు చుట్టుకునేవారు. అదేమిటంటే "కొండ గాలి మోసం సేస్తాది అమ్మి. ముందర పక్క కాల్తాది, ఎనక పక్క గెడ్డకట్టేస్తాది" అనేవారు. సెలవులకి రాయగడ ఇంటికి దిగినా అది మెడలోంచి దిగేది కాదు. ఆయన ఎక్కడ పుట్టారో, ఎక్కడ చదివారో, ఏ యేడు ఉద్యోగంలో చేరారో నేను రాయను. నిజానికి నాకు సరిగ్గా తెలియదు కూడా. ఆయనా నన్ను ఎప్పుడూ అడగలేదు. మా మధ్య మాటలన్నీ ఇసుక గురించే, ఇనుము గురించే.

నన్ను ఆ ఫ్యాక్టరీలోకి తీసుకున్నది ఒక కంప్యూటరు కోసం. పంపు పైతొడుగు లాంటివి తయారు చెయ్యాలంటే ఇసుకతో అచ్చు కట్టి, అందులో కరిగిన ఇనుము పోసి, చల్లారాక అచ్చు పగలగొడతారు. లోపల ఏం జరిగిందో పగలగొట్టేదాకా ఎవరికీ తెలియదు. నా పని, ఆ పోతని ముందు కంప్యూటర్లో పోసి చూడటం. కంప్యూటరు ఆ వస్తువుని సన్నసన్న గళ్ళుగా కోసుకుని, ఏ గడిలోకి ఇనుము ఎప్పుడు చేరుతుందో, ఏ గడి ముందు చల్లారుతుందో లెక్క కట్టి రంగుల్లో చూపిస్తుంది. ఎక్కడ గుల్ల పడుతుందో, ఎక్కడ పగులొస్తుందో ముందే తెలిస్తే అచ్చు మార్చుకోవచ్చు.

మాస్టారు ఫౌండ్రీ సెక్షన్‌కి పెద్ద. అచ్చులోకి ఇనుము ఏ దారిన వెళ్ళాలో ఆయనే గీసి ఇచ్చేవారు. అంత అనుభవం ఉన్నాయన నా కంప్యూటర్ని చూసి మూతి ముడుచుకుంటారేమో అని మొదటిరోజు బిక్కుబిక్కుమంటూ వెళ్ళాను. ఆయన తన ఇనప కుర్చీ తనే మోసుకొచ్చి నా బల్ల పక్కన వేసుకుని కూర్చున్నారు.

"ఇన్నాళ్ళూ గుడ్డోడినాగ పోసేను అమ్మి. ఇసక లోన ఏటవుతందో ఎవుడు సూసేడు? నువ్వు సూపిస్తానంటన్నావు. సూపించు, బేగి" అన్నారు.

ఆ కుర్చీ మళ్ళీ ఆయన గదికి వెళ్ళలేదు. స్క్రీన్ మీద లెక్క సాగుతుంటే ఆయన చూపు తిప్పేవారు కాదు. ముందు అంతా ఎర్రగా ఉంటుంది. తరవాత అంచులు పసుపు, ఆపైన నీలం. మధ్యలో ఎక్కడో ఒక ఎర్రచుక్క మొండిగా మిగిలిపోతుంది. అది కనపడగానే ఆయన ముందుకు వంగి, ఎవరైనా చూస్తున్నారా అని కూడా చూసుకోకుండా, "ఉఫ్" అని స్క్రీన్ మీద ఊదేవారు. నేను నవ్వితే, "మండియా జావ కంచంలో పోసుకుంటే ఏటి సేస్తావు? అంచులు నాక్కుంటూ వస్తావు, మధ్యలోది ఊదుకుంటావు. ఇదీ అంతే" అనేవారు. మండియా అంటే రాగులు. ఇప్పుడు నా గదిలో లెక్క పూర్తవుతున్నప్పుడల్లా, ఎర్రచుక్క చిన్నదవుతుంటే, పక్కన ఆ "ఉఫ్" కోసం నా చెవి ఎదురుచూస్తుంది. అది రాదని తెలిసినా చూస్తుంది.

ఆయనకి ఇంకో అలవాటు ఉండేది. కొత్త పని వచ్చినప్పుడు నన్ను కంప్యూటరు ముట్టుకోనిచ్చేవారు కాదు. ముందు చెక్క నమూనాని ఫౌండ్రీ షాపు మధ్యలో పెట్టించి, అందరికీ తలో సుద్దముక్క ఇచ్చేవారు. అచ్చులు కట్టేవాళ్ళు, క్రేను నడిపేవాడు, నేను, చివరికి టీ తెచ్చే ఆవిడ కూడా, పోతలో గుల్ల ఎక్కడొస్తుందనుకుంటే అక్కడ ఓ గీత పెట్టాలి. ఆ తరవాతే కంప్యూటరు. దాని మాట చివర. నెగ్గినవాళ్ళకి ఆయన చేత్తో సమోసా. టీ ఆవిడ ఓసారి నెగ్గింది, మర్నాడు మాకు టీ ఆలస్యమైంది, ఎందుకంటే ఆవిడ నమూనాల గదిలో ఆ గీత చూపిస్తూ అందరికీ వివరిస్తోంది. పాడైపోయిన పోతని తిరిగి కొలిమిలో వేస్తున్నప్పుడు ఆయన దాన్ని ఓసారి తట్టి "ఫో, మల్లీ రా" అనేవారు. స్క్రాపు అన్న మాట ఆయన నోట నేను వినలేదు.

కోపం ఉండేది. నేను కాగితం మీదున్న కొలిమి వేడిని కంప్యూటర్లో వేస్తే ఒకసారి మండిపడ్డారు. "లేడిలు కొలిమి కాడ్నుంచి అచ్చు కాడికి నడిసొచ్చేసరికి సల్లారదేటి? ఆ దారి ఎవుడేస్తాడు? మనం ఎలాగ పోస్తామో అలాగే దానికి సెప్పాల. అబద్దం సెప్తే అదీ నీకు అబద్దమే సెప్తాది" అన్నారు. లేడిలంటే కరిగిన ఇనుము మోసుకొచ్చే పెద్ద బొక్కెన. ఆ రోజు నన్ను దాని వెనక నడిపించి, దారి పొడుగునా వేడి కొలిపించారు. అలా ఒక్కొక్కటే, ఇసుకలో చెమ్మ, కొండ మీది చలి, అన్నీ కంప్యూటరుకి చెప్పాం. అన్నీ చెప్పేశాం అనుకున్నాం.

ఆయన ఉద్యోగం చివరికొచ్చిన రోజుల్లో ఒక పెద్ద పంపు తొడుగు వచ్చింది. అంతకుముందు వాటికంటే వెడల్పు ఎక్కువ, గోడ పల్చన. అంత వెడల్పుకి ఒక లేడిలు చాలదు. రెండు వైపుల నుంచీ రెండు లేడిళ్ళు ఒకేసారి వంచాలి. రెండు ధారలూ మధ్యలో కలుస్తాయి. కలిసే చోట ముందుగా వచ్చిన ఇనుము కాస్త చల్లబడి ఉంటుంది కాబట్టి, అది పైకి పొంగి బయటికి పోవడానికి అచ్చు పైన సరిగ్గా మధ్యలో ఒక గుంట పెట్టాం. కంప్యూటర్లో పోసి చూస్తే అద్దంలా వచ్చింది. మాస్టారు ఊదాల్సిన అవసరం కూడా రాలేదు.

పోసి, పగలగొట్టి చూస్తే గోడ మీద సన్నటి అతుకు. నీళ్ళు నింపి ఒత్తిడి పెడితే అక్కడ చెమ్మ కారింది. రెండోసారి పోశాం. మళ్ళీ అతుకు, మళ్ళీ చెమ్మ. షాపు మేనేజరు భువనేశ్వర్ నుంచి వచ్చిన కొత్తాయన, చెడ్డవాడు కాదు గానీ పైనుంచి ఆయన మెడ మీద కత్తి ఉంది. మమ్మల్ని పిలిచి హిందీలో చెప్పారు. మూడోది కూడా కారితే పెద్ద పోతలన్నీ బయటివాళ్ళకి ఇచ్చేస్తారట, పెద్ద పోతల షెడ్డు మూసేస్తారట, మనుషుల్ని వేరే షాపులకి పంచేస్తారట. తిరిగొస్తూ మాస్టారు ఆ షెడ్డు గుమ్మం దగ్గర ఆగి, లోపలికి చూస్తూ నిలబడ్డారు.

"నాను ఎలాగూ ఎల్లిపోతాను అమ్మి. తాళమేయించీసి ఎల్లేడు అనిపించుకోకూడదు" అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. మఫ్లర్ అంచు మాత్రం వేళ్ళ మధ్య నలిపేస్తున్నారు.

ఆ నెలాఖరుకి ఆయన రిటైర్మెంటు.

మర్నాడు వెళ్ళేసరికి ఆయన పాడైన తొడుగు ముందు గొంతుక్కూర్చుని ఉన్నారు. "ఈ అతుకు మధ్యలో లేదు సూసేవా? మధ్యలో వస్తే గుంటలోకి పోవును. ఇది ఎడం పక్కకి జరిగిపోనాది. రెండుసార్లూ అక్కడే. ఎందుకు జరగాల?" అన్నారు.

"రెండు వైపులా ఒకేలా పోస్తున్నాం కదా మాస్టారూ."

"పోస్తన్నామా?" అన్నారాయన. కాసేపు ఆలోచించి, "కంప్యూటర్లో ఎడం లేడిలుని ఓ ఊపిరి ఆలిస్యంగా వంచు సూద్దాం" అన్నారు.

వంచాను. కుడి ధార మధ్య గుంట దాటి ఎడంవైపుకి వచ్చేసింది. ఎడం ధార అప్పుడే బయల్దేరింది. రెండూ కలిసిన చోట నీలం గీత ఒకటి నిలబడింది. బయట తొడుగు మీద అతుకు ఎక్కడుందో, స్క్రీన్ మీద సరిగ్గా అక్కడ. మాస్టారు ఊదలేదు. లేచి షాపులోకి నడిచారు, వెనకే నేను.

ఎడం లేడిలు సుక్రుది. బోరిగుమ్మ పక్క కొండ ఊరివాడు, నెమ్మదస్తుడు. వాళ్ళ ఊళ్ళో సారా తాగినా, జావ తాగినా మొదటి చుక్క నేలకి వదుల్తారు. సుక్రు ఇనుముకీ అంతే. పొయ్యమని మాస్టారు ఈల వెయ్యగానే, అచ్చు పక్కన పొడి ఇసుక మీద ఒక్క చుక్క వంచి, "మా, నే" అంటాడు. అమ్మా, తీసుకో అని. ఆ తరవాతే అచ్చులోకి. అది మేమందరం రోజూ చూసినదే. పక్కనే నిలబడి చూసినదే. ఎంత అలవాటైపోయిందంటే, అది పోతలో భాగమని ఎవరికీ తట్టలేదు. మందపాటి తొడుగులు ఆ కాస్త ఆలస్యాన్ని ఓర్చుకున్నాయి. ఈ పల్చటిది ఓర్చుకోలేదు. దారి వేడి, కొండ చలి, ఇసుక చెమ్మ కూడా కంప్యూటరుకి చెప్పిన మేము, సుక్రు చుక్కని చెప్పలేదు.

సంగతి విని మేనేజరు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. "ఇంకేం, రేపట్నుంచి ఆ చుక్క బంద్" అన్నారు.

మాస్టారు తల అడ్డంగా ఊపారు. ఆయన హిందీ కూడా మా వైపు యాసలోనే ఉండేది. "బంద్ చెయ్యమంటే చేస్తాడు సార్. చేతులెత్తి దణ్ణం పెట్టి మరీ చేస్తాడు. కానీ ఆ చెయ్యి భయపడుతుంది. భయపడ్డ చెయ్యి ఓరోజు ముందు వంచుతుంది, ఓరోజు వెనక వంచుతుంది. దాన్ని నేను ఏ కంప్యూటర్లో వెయ్యను?" అన్నారు. అని కుడి లేడిలు లచ్చయ్య దగ్గరికి నడిచారు.

లచ్చయ్య సాలూరు వైపువాడు, నోరున్నవాడు. "నాకేటి సమ్మంధం మాస్టారూ? నాను పైడితల్లమ్మోరికి మొక్కుకుంటాను గానీ ఆల్లమ్మోరికి సుక్కలొదల్డమేటి?" అన్నాడు.

"పైడితల్లి ఏటి, గాల్లో నిలబడిందేట్రా? ఆయమ్మా నేల మీదే కదా ఉన్నాది. ఆ నేలకే పొయ్యి" అన్నారు మాస్టారు.

"పోస్తే?"

"ఇద్దరూ ఒకేపాలి వంచుతారు. ఒకేపాలి ఒదుల్తారు. ఒకేపాలి పోస్తారు. నీకు నోరు రాపోతే ఊరుకో, సెయ్యి వొస్తే సాలు."

ఆ వారమంతా ఇద్దరి చేతా ఖాళీ లేడిళ్ళతో, నీళ్ళతో చేయించారు. ఈల, చుక్క, పోత. ఈల, చుక్క, పోత. నన్ను పక్కన నిలబెట్టి, ఆ చుక్కకి పట్టే కాస్త సమయాన్నీ కంప్యూటర్లో వేయించారు, రెండు వైపులా. ధారలు మళ్ళీ గుంట కిందే కలిశాయి. లచ్చయ్య గొణుక్కుంటూనే నేర్చుకున్నాడు. మూడోరోజుకి సుక్రు "మా" అంటే లచ్చయ్య "నే" అనడం నా చెవులారా విన్నాను.

పోత మాత్రం వెనక్కీ వెనక్కీ జరిగింది. వాన పట్టుకుంది. అచ్చు చెమ్మగిల్లి, దాన్ని మంటతో ఆరబెడితే మళ్ళీ వాన. చివరికి పోసింది నెలాఖరు రోజున. అవతల మీటింగు హాల్లో దండలూ శాలువా సిద్ధం చేసుకుని అందరూ కూర్చున్నారు, ఇవతల ఈయన అచ్చు పక్కన ఈల పట్టుకుని నిలబడ్డారు. ఈల వేశారు. రెండు చుక్కలు ఒకేసారి ఇసుక మీద పడి మెరిశాయి. రెండు ధారలు ఒకేసారి లోపలికి దిగాయి. మధ్య గుంటలోంచి ఇనుము పొంగి పైకి వచ్చినప్పుడు మాస్టారు నోట్లోంచి ఈల తియ్యడం మరిచిపోయి ఊపిరి వదిలారు. అది సన్నగా కూసింది. అందరం నవ్వాం.

అచ్చు విప్పేది మర్నాడు. ఆ సాయంత్రం శాలువా కప్పించుకుని, గేటు దగ్గర ఐడీ కార్డు సెక్యూరిటీ చేతిలో పెట్టేశారు. "రేపు విజిటరు పాసు రాయిస్తాం, మీరు రండి మాస్టారూ" అని నేను బతిమాలాను.

"ఒద్దు అమ్మి. ఇయ్యాల దాకా సలాం కొట్టినోడి కాడ రేపు పాసు పట్టుకొని నిలబడాలేటి? నానొల్లను." కొంచెం దూరం వెళ్ళి వెనక్కి తిరిగారు. "నువ్వు సూడు. నీ కల్లతో బాగా సూడు" అన్నారు.

జీవితమంతా ఇసుక లోపల ఏమవుతుందో చూడాలని తహతహలాడిన మనిషి, తన ఆఖరి పోతని చూడకుండా కొండ దిగి వెళ్ళిపోయారు.

మర్నాడు అచ్చు విప్పాం. ఫోన్లు లోపలికి రానివ్వరు కాబట్టి ఫొటో తియ్యడానికి లేదు. డ్యూటీ అవగానే గేటు బయటికి పరిగెత్తుకొచ్చి, ఫోను తీసుకుని, టీ బడ్డీ పక్కన నిలబడి చేశాను. మొదటి రింగుకే ఎత్తారు.

"వొచ్చిందో రాలేదో ముందే సెప్పకు. మొదట్నుంచి సెప్పు" అన్నారు.

చెప్పాను. సుక్రు సుత్తి మొదటి దెబ్బ ఎక్కడ వేశాడో, ఇసుక ఎలా రాలిందో, లోపలినుంచి ఆవిరి ఎలా లేచిందో. కుడి గోడ ముందు కనిపించిందని, దాని రంగు ఏమిటో. మధ్య గుంటలో ఇనుము ఎంతవరకూ పొంగి గడ్డకట్టిందో. ఆయన ఊ కొట్టడం కూడా లేదు. ఫోను తెగిపోయిందేమోనని మధ్యలో పిలిస్తే "ఉన్నాను, ఆపకు" అన్నారు. ఎడం గోడ మీది ఇసుక బ్రష్షుతో తుడిచామని చెప్పాను. దీపం దగ్గరగా పెట్టి చూశామని చెప్పాను.

"అతుకు లేదు మాస్టారూ."



"ఆ గోడ కాడ మల్లీ సెప్పు" అన్నారు.

మళ్ళీ చెప్పాను. "సెయ్యెట్టి సూసేవా?" అని అడిగారు. పెట్టాను అన్నాను. ఇంకా వేడి తగ్గలేదని, అయినా ఉండబట్టలేక చేత్తో పొడుగునా తడిమి చూశానని చెప్పాను. "ఊ" అన్నారు. ఫోను పెట్టేశారు.

నీళ్ళ పరీక్షలో కూడా ఆ తొడుగు చుక్క కార్చలేదు. పెద్ద పోతల షెడ్డు నిలబడింది. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి, ఆ మాట చెప్పడానికి రాయగడ దిగాను. మాస్టారు వీధి అరుగు మీద ఊరికే కూర్చుని ఉన్నారు. ఆ చేతుల్ని ఖాళీగా చూడటం నాకు అదే మొదటిసారి. నీళ్ళ పరీక్ష కబురు చెబితే తల ఊపారు. మాస్టారి భార్య, పిన్నిగారు, టీ తీసుకొచ్చి, "నీకోసం తెల్లారగట్ట నుంచి వీధిలోనే కూకున్నారమ్మా" అన్నారు. నేను టీ అందుకోబోతుంటే ఆయన ఆపారు.

"ఏ సెయ్యి అమ్మి?"

నాకు ముందు అర్థం కాలేదు.

"గోడ మీద ఎట్టింది. ఏ సెయ్యి?"

కుడి చెయ్యి చాపాను. ఆయన దాన్ని తన రెండు అరచేతుల మధ్యా పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. పిన్నిగారు టీ పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆయన బొటనవేలు నా అరచేతి మీద ఈ చివర నుంచి ఆ చివరిదాకా నెమ్మదిగా వెళ్ళింది. ఎడంవైపు ఒక్కచోట ఆగింది. మళ్ళీ కదిలింది.

"నున్నగా వొచ్చింది" అన్నారు.

నాకు చెయ్యి వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.